ఒక్కపొద్దు

వాణి డబ్బా బోర్లించి అరచేతి మీద తట్టింది. చిటికెడు పొట్టు రాలింది, అంతే.

"అత్తా, మొన్ననే కదా తెచ్చినా. అప్పుడే యాడికి పోయింది?"

పొయ్యి దగ్గర సంగటి గెలుకుతున్న చౌడమ్మ తల కూడా తిప్పలేదు. "నాకేం తెలుసమ్మా. ఎలకలు తిన్నాయేమో."

ఇసబ్‌గోల్ పొట్టు తినే ఎలుకలు పుంగనూరు మొత్తం వెతికినా దొరకవని వాణికి తెలుసు. ఉన్న చిటికెడూ మజ్జిగలో కలిపి, చిక్కబడేలోపు గటగటా తాగేసింది. మీద రెండు గ్లాసుల నీళ్లు పట్టించింది. ఈ మాత్రం పొట్టుకు ఆకలి ఎంతసేపు ఆగుతుందో దేవుడికే ఎరుక.

ఆమె భర్త చంద్రశేఖర్‌కు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మదనపల్లెలో డయాలసిస్ చేయించుకుని, పిండేసిన గుడ్డలా ఇంటికొస్తున్నాడు. వాణి కిడ్నీ సరిపోతుందని కుప్పం ఆసుపత్రిలో చెప్పినప్పుడు ఆమె ఆనందం అంతా ఇంతా కాదు. అది కాస్తా కాటా ఎక్కేదాకానే నిలిచింది.

"ఎనిమిది కిలోలు తగ్గాల. అంతదాకా నిన్ను కొయ్యలేం. తొందరగా తగ్గమ్మా, ఆయనకు టైము లేదు" అన్నాడు డాక్టరు. పక్కనే ఉన్న చౌడమ్మ "నాది తీసుకో సామీ" అని ఏడిస్తే, కుర్చీలో పట్టని ఆ మనిషిని చూసి జవాబు కూడా చెప్పలేదు.

వాణి పనిచేసేది నూర్ అహ్మద్ బేకరీలో. పొద్దస్తమానం పఫ్‌ల వాసన, దిల్‌పసంద్ వాసన. తినకూడని మనిషికి అంతకు మించిన శిక్ష ఉంటుందా! ఆమె కళ్లు తిరిగి కౌంటరు పట్టుకోవడం చూసి నూర్ అహ్మదే ఇసబ్‌గోల్ సంగతి చెప్పాడు.

"రోజాలప్పుడు మా ఫాతిమా తెల్లారకముందు సహర్‌కి ఇదే తాగుతాది బేటీ. కడుపు నిండుగా ఉంటాది."

డాక్టరూ తాగమన్నాడు. నీళ్లు మాత్రం బాగా తాగాలన్నాడు. పొట్టునే నమ్ముకోకుండా నడవమన్నాడు.

అన్నీ చేసింది వాణి. ఇంట్లోనే అసలు చిక్కొచ్చింది. కొడుకు బాగుపడాలని చౌడమ్మ వేంకటరమణస్వామికి మొక్కుకుని ఒక్కపొద్దు పట్టింది. లోకమంతా శనివారం పడితే ఈమె రోజూ పట్టింది. తెల్లవారకముందే ఊరి బయట గుడికి నడిచి వెళ్లొచ్చేది. తాను పస్తుండి, కోడలి కంచంలో మాత్రం సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, మీద గరిటెడు నెయ్యి!

"తినుకో పాపా. ఎండిపోతాండావు."

"ఎండాలనే కదత్తా నా తిప్పలు!"

"భవ్యకు ఆరేండ్లే. బిడ్డకు అమ్మ గట్టిగా ఉండాల."

"నాయన అక్కర్లేదా బిడ్డకు?"

చౌడమ్మ ఇంకాస్త నెయ్యి పోసింది.

ఒక సాయంత్రం వాణి ఓడిపోయింది. రెండు ముద్దలు తినేసి, చెయ్యి కడుక్కుంటూ కొళాయి కింద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. లోపల మంచం మీద చంద్రశేఖర్ వాచిన కాళ్లు దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు. తన నోరే మొగుణ్ణి చంపుతోందనుకుంది.

ఆ మర్నాడు పని నుంచి వచ్చేసరికి తొట్టిలో ఒక గ్లాసు. అంచంతా ఎండిన ఇసబ్‌గోల్ అట్టకట్టి ఉంది. తానేమో పొద్దుననగా పోయిన మనిషి. వాణికి ఒళ్లు మండింది.

"నా పొట్టు కలిపి కలిపి పారబోస్తాండావు గదా! నెయ్యి పోసి నన్ను లావు చేస్తాండావు. యాలత్తా? నీ కొడుకు బతకడం నీకిష్టం లేదా?"

చౌడమ్మ చేతిలో చేట ఆగింది. ఆమె రవిక భుజం మీంచి జారుతోంది. దిగులు పెద్దామెను కరిగిస్తోందని జాలిపడే ఓపిక ఆ క్షణాన వాణికి లేదు.

"అట్లే అనుకోమ్మా" అంది చౌడమ్మ.

ఆ శనివారమూ ఎప్పటిలాగే కుప్పంలో ఉన్న కూతురు ఇందును చూసొస్తానని బస్సెక్కింది. కొడుకు మంచాన పడి ఉంటే వారం వారం కూతురింటికి పరుగెత్తే తల్లిని ఏమనాలో వాణికి తెలియలేదు. మాట్లాడటమే మానేసింది.

మళ్లీ తూకానికి రమ్మని డాక్టరు చెప్పిన రోజు రానే వచ్చింది. ముగ్గురూ కుప్పం వెళ్లారు. చంద్రశేఖర్‌ను వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి, వాణి లోపలికి వెళ్లింది. వద్దన్నా చౌడమ్మ వెంటే వచ్చింది.

వాణి గాజులు తీసింది. చెవి కమ్మలు తీసింది. ఊపిరి బిగబట్టి కాటా మీద నిలబడింది.

"ఐదే తగ్గినావు. ఇంకా మూడు తగ్గాల" అంది నర్సు.

"సరిగ్గా సూడు తల్లీ, ఇంకోసారి సూడు! ఇంకో నెలంటే ఆయన ఉండడు. నాకేమైనా పరవాలేదు, రాసిస్తా. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఏడవద్దు, దిగమ్మా. మీ ఆయనకు కిడ్నీ ఇస్తానని ఇంకొకరు గూడా పేరిచ్చినారు గదా, అదీ సరిపోతాది. శనివారం శనివారం వచ్చి తూకం సూపిస్తాండారు. పోయిన వారానికి ఇంక తగ్గాల్సింది పావుకిలోనే మిగిలింది."

ఎవరా అని వాణి కళ్లు తుడుచుకుని దిగి, వెనక్కి తిరిగింది.

చౌడమ్మ చెప్పులు విడిచి కాటా ఎక్కింది.