కంకర తరుగుదల

ప్రతి తనిఖీలోనూ కంకర గుట్ట మునుపటికన్నా చిన్నదిగా తేలుతున్నందున, తనిఖీల సంఖ్యను పెంచాలని పై అధికారులు తీర్మానించారు.

ఆ మేరకు తనిఖీ అధికారి భవన నిర్మాణ స్థలానికి విచ్చేసి, గుట్టను టేపుతో కొలిచి, స్టోర్‌కీపరును పిలిపించారు. అతడు ఆయనకు స్వయానా బావమరిది.

"మూడు లారీల కంకర తక్కువుంది. ఎటు పోయిందో చెప్పకపోతే నీ ఉద్యోగం ఊడుతుంది."

"అది కాదు బావా..."

"ఇక్కడ బావా లేదు, గీవా లేదు. సార్ అను."

"సార్, మొదటిసారి మీ కారు గేటు దగ్గరే బురదలో దిగబడితే నన్ను చెడామడా తిట్టారు. అప్పట్నుంచి మీరొస్తున్నారంటే చాలు, దారి పొడుగునా కంకర పోయిస్తున్నా."

అధికారి వెనుదిరిగి దారిని పరికించారు. కంకర యావత్తూ స్థలంలోనే భద్రంగా ఉన్నదని ధ్రువీకరించి, కారెక్కారు.

"బావమరిదీ, ఆ మలుపులో ఇంకా కుదుపుగానే ఉందిరా. వచ్చే తనిఖీలోపు చూడు."