బెణికిన కాలు

"పోలేరయ్య నా నోట్లో మన్ను కొట్టినాడు. లేకుంటే ఈ ఎండలో ఎవరి తోటలోనో సవక కట్టెలు మోస్తానా?"

మోపు వాకిట్లో పడేసి మస్తానయ్య ఎప్పటి మాటే అన్నాడు. తొమ్మిదేళ్లుగా రోజూ అంటున్నదే. సముద్రం ఒడ్డున వాళ్ల నాయన నాటిన సవక, అంటే సరుగుడు తోట ఒకటి ఉండేది. తనదేనని పోలేరయ్య దావా వేశాడు. అయిదేళ్లు గూడూరు కోర్టుకు తిరిగిన మస్తానయ్య, యాభై ఎనిమిది వాయిదాల్లో ఒక్కదానికి అందుకోలేకపోయాడు. దాంతో తోట పోలేరయ్యదైపోయింది.

"వాడి చేతులు పడిపోను!" అంది చేపలు ఎండేస్తున్న తల్లి ముసలమ్మ. తిట్టడంలో ఆమె కొడుకును మించిపోతుంది.

పొరుగింటి అంకాలమ్మ నవ్వింది. "తోట పోయినా ఆ పూటే పెళ్లాం దొరికింది గదన్నా! ఎట్టా కలిసినారు వదినా?"

మస్తానయ్య భార్య మాలకొండమ్మ సిగ్గుపడుతూనే చెప్పింది. కేసు తేలేదాకా పెళ్లి మాటే ఎత్తొద్దని కూర్చున్న మనిషి. వాయిదా పూట తల్లి గంజి పెట్టి ఇచ్చిన తెల్ల చొక్కా తొడుక్కుని, దగ్గర దారని ఆ తల్లే చెబితే ఉప్పుటేటి కట్ట మీద సైకిలెక్కి కోట ఊళ్లో గూడూరు బస్సుకు పోతున్నాడు. కట్ట మీద మాలకొండమ్మ కాలు బెణికి కూర్చుని ఏడుస్తోంది. తువ్వాలు చించి కట్టు కట్టాడు. సైకిల్ వెనక్కి తిప్పి పిన్నమ్మ ఇంట్లో దించాడు. బస్సు పోయింది.

"ఇదిగో, ఈ కాలే," అని ఎడమ మడమ చూపించింది.

మస్తానయ్య చేతిలో నీళ్ల చెంబు ఆగిపోయింది. తను కట్టు కట్టింది కుడికాలికి.

అంకాలమ్మ వెళ్లేదాకా ఓర్చుకున్నాడు.

"ఏ కాలే?"

"ఎన్నేళ్లయింది! గుర్తుంటదా?"

"నాకుంది. తోట పోయింది ఆ కాలికే. మీ పిన్నమ్మ ఇంటి మెట్లు చెంగున ఎక్కినావు. అప్పుడు నాకు బుద్ధి లేకపోయె. మన పెళ్లికి పోలేరయ్య చీరెందుకు పెట్టినాడు?"

"గెలిచిన సంతోషానికి పెట్టినాడు. నన్నడిగితే?"

"నిజం చెప్పు. కాలు బెణికిందా?"

మాలకొండమ్మ తల వంచుకుంది. "లేదు."

ముసలమ్మ చేతిలో చేప కింద పడింది.

"ఎంతిచ్చినాడే వాడు?" అని అరిచాడు మస్తానయ్య.

"పైసా లేదు. తెల్ల చొక్కా మనిషి వస్తాడు, కాలు పట్టుకుని కూర్చోమన్నారు. నచ్చకపోతే లేచి నడిచొచ్చెయ్యమన్నారు. నేను లేవలేదు."

"ఎవరన్నారు?"

"చెప్పనని మాటిచ్చినా."

"అయితే ఆ పోలేరయ్య ఇంటికే పో!"

లోపలికి పోయి ఆమె రేకు పెట్టె తెచ్చి వాకిట్లో విసిరాడు. మూత ఊడి చీరలు చేపల మీద పడ్డాయి. మాలకొండమ్మ వాటిని ఏరి పెట్టెలో సర్దుకుంది. కళ్లు తుడుచుకుని పెట్టె ఎత్తబోయింది.

ముసలమ్మ వచ్చి పెట్టె మీద కూర్చుంది.

"దాన్ని పంపబాకరా," అంది కొడుకు మొహం చూడకుండా. "నీ పెళ్లి కోసం ఆ రెండెకరాల నలభై సెంట్ల తోట పోగొట్టింది నేను."