ముప్పైతొమ్మిదో వారం తర్వాత

లైబ్రరీ తలుపు తీసేసరికే పెద్దాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇవాళ కూడా.

పరిశోధక విద్యార్థినికి ఒళ్లు మండింది. ఆమెకు కావలసిన నవల ఊరంతటికీ ఒక్కటే ప్రతి. బయటికి ఇవ్వరు. ముందొచ్చినవాడిదే రాజ్యం.

ఆ నవల రాసిన ఇంగ్లీషు రచయిత పోయి నూటయాభై ఏళ్లు. మన సినిమాల్లో అనాథ పిల్లాడు ఆకలని ఏడ్చినా, పిసినారి ముసలాడు చివర్లో కరిగిపోయినా అందులో ఆయన చెయ్యి ఉందని ఆమె థీసిస్. ఆరేళ్లుగా అందులోనే ఇరుక్కుపోయింది. ఉద్యోగం వాయిదా, పెళ్లి వాయిదా. ఇక గడువు పదకొండు రోజులు.

గైడుగారిది ఒకటే పట్టు.

"నలభై ఏళ్ల కిందట వారపత్రికలో వారం వారం ఈ నవలని తెలుగు చేసి మనవాళ్ల చేత చదివించిందెవరు? ‘ఎండుటాకు’ అన్న కలంపేరు ఎవరిది? అది తేల్చు, సంతకం పెడతాను."

ముప్పైతొమ్మిదో వారంతో ఆ పత్రిక మూతపడింది. కథ ఆగిపోయింది. ఎండుటాకు ఏ గాలికి కొట్టుకుపోయాడో ఎవరికీ తెలీదు.

ఆ వారాలన్నీ కత్తిరించి కుట్టుకున్న అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

"ఇంతకీ ఆ పిల్లాడేమయ్యాడే?"

"నేను చెబుతా వినమ్మా."

"నువ్వు కాదే. ఆయన చెప్పాలి."

మూలంతో పోల్చి చూస్తే ఎక్కడైనా జాడ దొరక్కపోతుందా అని ఆమె ఆశ. పుస్తకమేమో పెద్దాయన చేతిలో.

"తాతగారూ, ఇవాళైనా ఇస్తారా?"

"ఇంకో నాలుగు పేజీలు తల్లీ."

"నిన్నా ఇలాగే అన్నారు!"

"నిన్న ఏడుండేవి."

అప్పుడు చూసింది ఆయన చేతిలో పెన్సిల్. అచ్చు వరసల మధ్య చీమల బారులా గీతలు.

"లైబ్రరీ పుస్తకం మీద రాస్తున్నారా!"

"పాత అలవాటమ్మా. ఇలా రాస్తే గానీ చెయ్యి సాగదు. కాగితం మీదికి ఎక్కించుకుని నేనే చెరిపేస్తాను."

ఆమె వినిపించుకోలేదు. నేరుగా లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లింది.

"ఎవరండీ ఆయన? పుస్తకం నిండా రాసేస్తున్నాడు."

"ఎవరికి తెలుసు? కూర్చుని చదువుకునేవాళ్లకి కార్డుండదు."

లైబ్రేరియన్ వచ్చి గట్టిగానే చీవాట్లు పెట్టాడు. ఇంకెప్పుడూ రావద్దన్నాడు.

పెద్దాయన వాదించలేదు. "సాయంత్రం దాకా ఉండనివ్వండి బాబూ. మళ్లీ రాను" అన్నాడు.

గంట కొట్టాక లేచి, ఆమె ముందు ఆగాడు.

"నావల్ల నీకు ఆలస్యమైంది. ఏమనుకోకు తల్లీ."

పీడా విరగడైందనుకుంది ఆమె.

మర్నాడు అటెండరు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఎనభై పేజీలమ్మా! రుద్ది రుద్ది వేళ్లు పీకేస్తున్నాయి. రబ్బరు అయిపోయింది, చివరి పేజీ ఒక్కటీ వదిలేశాను."

ఆమె రబ్బరు పొడి ఊదుకుంటూ ఆ చివరి పేజీ తీసింది. చీమల బారుని మొదటిసారి దగ్గరగా పెట్టుకుని చదివింది.

పిచ్చిగీతలు కావు. తెలుగు. చిన్నప్పటి నుంచి అమ్మ చదివి వినిపించిన గొంతు.

పేజీ అడుగున "సమాప్తం" అని రాసి, దాని కింద సంతకం చేసి ఉంది: ఎండుటాకు.