తీపి చుక్కలు

“పసిబిడ్డ మడమలో సూది గుచ్చే ముందు, నొప్పి తెలీకుండా నోట్లో తీపి చుక్కలు వేస్తారా?”

హేజిన్ కొరియన్‌లో అడిగింది.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ తల అడ్డంగా ఊపింది.

“బిడ్డని ఎత్తుకుని ఓదారుస్తారా?”

మళ్లీ అడ్డంగానే.

భానుశ్రీకి కొరియన్ రాదు. కానీ ఆ తల ఊపుడు చాలు.

పసిపిల్లల నొప్పి గురించి నర్సులని అడిగే ఇంగ్లిష్ ప్రశ్నలని కొరియన్‌లోకి తేవడం వాళ్లిద్దరి పని. మాటలు మారిస్తే సరిపోదు. ఒక్కొక్క నర్సునీ కూర్చోబెట్టి, ప్రశ్న వింటే ఏమర్థమైందో, ఆ జవాబు ఎందుకు చెప్పిందో అడగాలి. అందుకే అడిలైడ్‌లో ఉన్న కొరియన్ నర్సులని తమ యూనివర్సిటీ మాసన్ లేక్స్ క్యాంపస్‌కి పిలుస్తున్నారు.

ఈవిడ పేరు జంగ్‌సూక్. ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసి ఈమధ్యే రిటైరైంది. రేపు పొద్దున్నే కొరియాలోని బుసాన్‌కి వెళ్లిపోతోంది, మళ్లీ రాదు.

“ప్రశ్న అర్థం కాలేదేమో?” అంది భానుశ్రీ.

“బాగానే అర్థమైంది. అవి తన పనులు కావట.”

“మరెవరి పనులట?”

హేజిన్ అడగబోయింది. భానుశ్రీ గడియారం చూసింది. బయట ఇంకో నర్సు ఎదురుచూస్తోంది.

“వద్దులే హేజిన్. ఇలాంటివాళ్లు నాకు తెలుసు.”

పెద్దావిడ లేచి, వంగి దణ్ణం పెట్టింది. భానుశ్రీ మెళ్లో ఉన్న పేరు కార్డు చూసింది. తర్వాత మొహం చూసింది. ఏదో అడగబోయి ఆగిపోయింది.

హేజిన్ ఆవిడని లిఫ్ట్ దాకా సాగనంపడానికి వెళ్లింది.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా భానుశ్రీ మొహం చిటపటలాడుతూనే ఉంది.

“ఇవాళ యూనివర్సిటీలో ఎవరిమీద కోపం?” అన్నాడు భర్త యోగానంద్.

“ఒకావిడొచ్చింది. నర్సట! చుక్కలెయ్యదట, ఎత్తుకోదట. మన పండు నెలలు నిండకుండా పుట్టినప్పుడు ఒక మహాతల్లి ఉండేది, గుర్తుందా?”

“నన్ను లోపలికి రానిస్తేగా గుర్తుండటానికి! కోవిడ్ కదా.”

“మాస్కు, దానిమీద షీల్డు. ఆవిడ మొహమేంటో, ఏ దేశమో కూడా తెలీదు. సూది గుచ్చేముందు తీపి చుక్కల డ్రాపర్ నా చేతిలో కుక్కేసి, గోడకానుకుని నిలబడేది. నాకా కుట్లు సలుపుతున్నాయి. చెయ్యి వణుకుతోందన్నా వినేది కాదు. పండూ, పండూ అనుకుంటూ అన్నీ నేనే చేసుకున్నా.”

“ఆవిడ మీద కోపంతోనేగా ఈ రీసెర్చ్‌లో చేరావ్!”

“చేరనా మరి?”

హాల్లోంచి కేక వినిపించింది. “మమ్, వేరీజ్ మై స్కూల్ హ్యాట్?”

“సోఫా కింద చూడు పండూ!”

యోగానంద్ గిన్నె తుడుస్తూ అన్నాడు. “ఇంటికి తెచ్చాక, అరచేతంత పిల్ల, ఎత్తుకోడానికి నాకు ఒకటే భయం. మీ అమ్మకి ఫ్లైట్లు లేవు. నువ్వు మాత్రం వణకలేదు భానూ. ఎలాగా అనుకునేవాణ్ణి.”

భానుశ్రీ చేతిలో స్పాంజి ఆగిపోయింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే హేజిన్ దగ్గరికి నడిచింది.

“నిన్న ఆపేశాను చూడు, ఆ ప్రశ్న అడుగుదాం. మరెవరి పని అని.”

హేజిన్ ఫోన్ చేసింది. అటునుంచి జవాబు లేదు.

“ఫ్లైటెక్కేసినట్టుంది. కానీ నిన్న లిఫ్ట్ దగ్గర నేనే అడిగాన్లే.”

“ఏమంది?”

“అమ్మ పని అంది. ‘నర్సు ఇంటిదాకా రాదు కదా. వణికే చేత్తోనైనా ఆ చుక్కలు అమ్మే వెయ్యాలి. నేను గోడ దగ్గర నిలబడి చూస్తాను, చెయ్యి జారితే అందుకోడానికి’ అంది.”

భానుశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అన్నట్టు భానూ, లిఫ్ట్ తలుపులు మూసుకుంటుంటే ఇంకో మాట అడిగింది, నాకు అర్థం కాలేదు,” అంది హేజిన్. “‘పండు బాగుందా?’ అని.”