కట్టుదిట్టం

"ఎడమచేత్తో తీశారు బాబాయి గారూ. అయిదు పాయింట్లు!"

గడియారాలాయన ముక్కని అలాగే పట్టుకుని గుడ్లురిమాడు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసినవాడు. అంతకన్నా ఎక్కువ ఏళ్ళు రమ్మీ ఆడినవాడు. పైవాటాలో కొత్తగా దిగిన ఆవిడ చేత పాఠాలు చెప్పించుకోవడమా?

"ఏం, ఎడమచేతికేం రోగం?"

"చేతివాటం! ఈ ఆటలో ఎడమచెయ్యి ముక్కలు పట్టుకోవాలి, అంతే. తీసేదీ వేసేదీ కుడిచెయ్యే."

ఆట పేరు కట్టుదిట్టం. రమ్మీలాగే పదమూడు ముక్కలు, సీక్వెన్సులు, జోకరు. తేడా అల్లా, మోసానికి సందు లేకుండా బిగించిన నియమాలు. తీసిన ముక్కని చెవిదాకా ఎత్తి, రెండు కావు ఒకటేనని చూపించాలి. వేసే ముక్క పేరు గొంతెత్తి చెప్పాలి. సైగలు చెల్లవు. షో చెప్పేముందు లేచి బల్లచుట్టూ ఒక చుట్టు తిరగాలి, కుర్చీలో ఏమీ దాచలేదని తెలియడానికి. తప్పిన ప్రతిసారీ అయిదు పాయింట్లు. ఆవిడ పుస్తకంలో రాసుకుంటుంది.

వినడం అయ్యేసరికి ఆయన చేతిలో పదమూడు ముక్కలున్నాయి గానీ, బుర్రకి ఒక్క ముక్కా ఎక్కలేదు.

అసలాయనకి ఎవరైనా ఏదైనా నేర్పబోతే ఒళ్ళుమంట. అలా నేర్పుతామని ఇంటికొచ్చిన ముగ్గురిని నెల తిరక్కుండా గుమ్మంలోంచే సాగనంపాడు. ఈవిడని కూర్చోనిచ్చాడంటే అది పేక మహిమ. పేక కలిపిన చప్పుడు వినిపిస్తే ఆయన కాళ్ళు ఆయన మాట వినవు.

పేకని మించింది పందెం. గడియారాల కొట్టుకి గడియ పడి రెండు నెలలయింది. తాళంచెవి కూతురి దగ్గరుంది. ఫోన్ తొడుగులు అమ్మే వ్యాపారి ఒకాయన అద్దెకి అడుగుతున్నాడు.

"ఆయన్ని మూడు నెలలు ఆగమన్నాను నాన్నా" అంది కూతురు. "ఈలోగా ఈవిడ మీద ఒక్క ఆట గెలిచావా, తాళంచెవి నీది. గెలవలేదా, కొట్టు ఆయనది."

"మూడు నెలలెందుకే? మూడు రోజులు చాలు!"

మూడు రోజుల్లో నూట పది పాయింట్లు సమర్పించుకున్నాడు.

ముక్కలు జారిపడ్డాయి. కొత్త ఆట, చేతికి రావద్దూ? పైగా "ఇచ్చేటు ఏడు!" అని అరిచాడు. ఆవిడ పెన్ను తీసింది.

"ఇచ్చేటా? అదేం రంగండీ? నాకు తెలిసినవి ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను. నాలుగే."

"అదేనమ్మా నేనన్నది!"

"మీరన్నది ఇచ్చేటు. ఇచ్చేయండి అయిదు పాయింట్లు."

మర్నాడు పొద్దున్న స్నానాలగదిలోంచి, నీళ్ళచప్పుడు కంటే గట్టిగా, "ఇస్పేటు! ఇస్పేటు!" అని వినిపించింది.

మరో వింత, పందెం కాయలు. ఎక్కడైనా ఆట ముదిరేకొద్దీ పందెం పెద్దదవుతుంది. ఇక్కడ చిన్నదవుతుంది. మొదటి నెల కాయలంటే అగ్గిపెట్టెలు. రెండో నెల కోటు గుండీలు, ఆ తర్వాత చొక్కా గుండీలు. ముక్కలు కలిస్తే సరిపోదు. కాయల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసుకుంటేనే గెలుపు. ఒక్కటి కింద పడినా ఆట అవతలివాళ్ళది. దాంతో ఎప్పుడూ పైవాటా ఆవిడదే పైచేయి.

"ఇది జూదమా, దర్జీ కొట్టా?"

"తొందరెందుకండీ, మీ సరుకూ వస్తుంది."

వచ్చింది. మూడో నెలలో ఆవిడ బల్లమీద గడియారం మరలు పోసింది. నలుసంత మరలు. చూడగానే ఆయన మొహం వెలిగింది. ఏరబోయేసరికి వాడిపోయింది. ఏరడం, జారడం, మరల మరల మరలే ఏరడం.

"నలభై ఏళ్ళు నేను తిప్పినవి, ఇప్పుడు నన్ను తిప్పుతున్నాయే!" అన్నాడు. అన్నాడే గానీ బల్లమీంచి లేవలేదు. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఒక్కడే కూర్చుని ఏరుకున్నాడు.

గడువు ఆఖరి సాయంత్రం. తొడుగుల వ్యాపారి అద్దె కాగితాలు పట్టుకుని వచ్చి, గోడవారగా కూర్చున్నాడు. ఆయన్ని చూడనట్టే గడియారాలాయన ముక్కలు సర్దుకున్నాడు.

"కళావరు పది!"

ఆ కేకకి వ్యాపారి ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ వంతు రాగానే మరో ముక్క చెవిదాకా లేచింది. డైమను రాణి. ఆయనకి కావలసిన రాణి. లేచాడు. బల్లచుట్టూ తిరిగాడు. పెళ్ళినాడు కూడా అంత ఠీవిగా నడిచి ఉండడు.

"షో!"

ఆవిడ ముక్కలన్నీ ఒకటికి రెండుసార్లు చూసింది. ఒప్పుకుంది. ఇక మరలు. మొత్తం తొమ్మిది.

ఒకటి. రెండు. ఏడు. ఎనిమిది. తొమ్మిదోది వేళ్ళ మధ్య వణికింది. కూతురు ఊపిరి బిగబట్టింది. ఎందుకో వ్యాపారి కూడా బిగబట్టాడు.

టిక్. డబ్బాలో పడింది.

"ఏదే తాళంచెవి?"

కూతురు బల్లమీద పెట్టింది. ఆయన కుడిచేత్తో అందుకుని, అలవాటుకొద్దీ చెవిదాకా ఎత్తి, ఒకటేనని అందరికీ చూపించి, వీధిలోకి నడిచాడు. కాసేపటికి ఎదురుగా ఉన్న కొట్టు షట్టరు గరగరమంటూ పైకి లేచింది. కూతురు కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

"కొట్టు పోతే పోయింది గానీ, ఇదేం ఆటమ్మా? నేనెక్కడా వినలేదు" అన్నాడు వ్యాపారి, కాగితాలు మడుచుకుంటూ.

పైవాటా ఆవిడ పాయింట్ల పుస్తకం మూసి, "పక్షవాతంతో పడిపోయిన ఆ చేతికి కసరత్తు నేర్పుతామని వచ్చిన ముగ్గురినీ తరిమేశారండీ, అందుకే నాలుగోదాన్ని నేను పేక పట్టుకొచ్చాను" అంది.