రేసు ట్రాకు మీద ఒక చుట్టు

పేరుమోసిన ఆ రేసు ట్రాకు మీద ఒక్క చుట్టు కొట్టాలన్నది లారీ తోలినన్నాళ్లూ నా కల. ఈ పరదేశంలో కూతురు ఆ ముచ్చట తీర్చింది. కారు ట్రాకువాళ్లదే; పక్క సీట్లో వాళ్ల దగ్గర పనిచేసే పిల్ల ఒకతె కూర్చుంది.

ఘాట్‌రోడ్డు మీద లాగే మలుపు మలుపుకీ హారన్ కొట్టుకుంటూ తోలాను.

దిగి మీసం దువ్వాను. "చూశావా అమ్మడూ! బ్రేకు మీద కాలు పెట్టకముందే బండి నా మనసు కనిపెట్టి నెమ్మదించిందే! నాకు చూపు తగ్గిందన్నావుగా?"

"మీకేం నాన్నా," అంది కూతురు, ఎటో చూస్తూ.

ఆ పిల్ల కుంటుతూ దిగి పిక్క నొక్కుకుంటోంది. తెరిచిన తలుపులోంచి చూశాను. ఆమె వైపు కూడా ఒక బ్రేకు ఉంది.

మీసం మీది చెయ్యి దానంతటదే దిగిపోయింది.

మా అద్దె కారు దగ్గర తాళాలు కూతురికిచ్చాను.

"అదేంటి? బస దాకా నేనే తోలతానన్నారుగా?"

"కాలు పట్టేసిందమ్మా," అన్నాను.