కెమెరాకి ఆఖరి రేటు

"ఆ లింకు మాత్రం నొక్కకు!"

డిస్కౌంట్ బాబాయ్ అరుపుకి ఆ అమ్మాయి వేలు ఫోను మీద గాల్లోనే ఆగిపోయింది. క్యాంటీన్‌లో పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పి, అరిచింది ఆయనేనని తెలిశాక మళ్ళీ ప్లేట్లలోకి వంగారు.

"అడ్వాన్సు కడితేనే అమ్మేవాడు కెమెరా నాకోసం ఆపుతాడట బాబాయ్."

"అందరూ అదే పాట. నువ్వు కట్టగానే వాడూ ఉండడు, కెమెరా ఉండదు. ఇలా తే."

అకౌంట్స్ సెక్షన్‌లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతం స్లిప్పు ఒక్కటే. ఆఫీసులో ఎవరు ఏం కొనాలన్నా ముందు ఆయన దగ్గరికే వస్తారు. "ఏదో ఒకరోజు ఈయన వస్తువు ఊరికే ఇప్పించి, పైన టీ కూడా తాగిస్తాడు" అని వెనక నవ్వుకుంటారు. ఆ నవ్వు ఆయనకి ఇష్టమే. దాని అడుగున ఉన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకప్పుడు ఆన్‌లైన్‌లో ఫోను కొంటే పెట్టెలో బట్టల సబ్బు వచ్చింది. పోయిన డబ్బుని ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. పక్కన నిలబడి చూసిన భార్య, ఒక్క మాటా అనకుండా ఆ సబ్బుతోనే బట్టలుతకడం మర్చిపోలేకపోయాడు. అప్పటి నుంచి ప్రతి బేరంలోనూ ఆయన ఓడిస్తున్నది ఆ సబ్బునే.

ఆ అమ్మాయి ఈమధ్యే చేరిన రిసెప్షనిస్టు. సోమవారానికి కెమెరా చేతిలో ఉంటే ఒక స్కూల్లో పిల్లలందరి ఫొటోలు తీసే పని దొరుకుతుంది, లేకపోతే ఇంకొకరికి పోతుంది. అంతవరకే చెప్పింది. ఆయనా అంతవరకే విన్నాడు. ఎవరు ఎందుకు కొంటున్నారు, ఎవరు ఎందుకు అమ్ముతున్నారు అన్నవి ఆయనకి ఎప్పుడూ అక్కర్లేని ప్రశ్నలు. ఎంతకి అన్నదొక్కటే కావాలి.

అమ్మేవాడికి ఫోను కలిపి స్పీకర్ పెట్టాడు.

"బాబూ, అడ్వాన్సు మాట మర్చిపో. వస్తువు మా చేతికొచ్చాకే డబ్బు. బిల్లుందా?"

"ఇల్లు మారినప్పుడు పోయిందండీ."

"అయితే మూడు వేలు తగ్గించు. పెట్టె?"

"అదీ పోయిందండీ."

"ఇంకో రెండు తీసెయ్. చార్జరన్నా ఉందా, అదీ ఇంటితోపాటే మారిపోయిందా?"

"లేదండీ."

బాబాయ్ కనుబొమ్మలు ఎగరేశాడు. వాడి దగ్గర లేని ఒక్కో వస్తువూ ఆయనకి ఒక్కో మెట్టు.

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి, "కుడివైపు పట్టుకునే చోట రబ్బరు లేచిందేమో అడగండి" అంది.

"లేచిందండీ," అన్నాడు వాడు. "మీకెలా తెలుసు?"

"మాకన్నీ తెలుసు. రబ్బరుకి ఇంకో వెయ్యి కొట్టెయ్. అడుగున సీరియల్ నంబరుంటుంది, ఫొటో తీసి పంపు."

ఫొటో వచ్చింది. ఆమె వెంటనే దాన్ని ఎవరికో పంపింది.

"ఎవరికమ్మా?"

"తెలిసినాయనకి. చూసి చెప్తానన్నారు."

"మంచి పని. కొనేముందు ఎవర్నైనా అడగడంలో తప్పు లేదు."

ఇంతలో అవతలివాడు గొంతు పెంచాడు. "చూడండీ, ఇంకో పార్టీ రెడీగా ఉంది. ఇప్పుడే తేల్చకపోతే వాళ్ళకిచ్చేస్తా."

ఆమె కంగారుగా ముందుకి వంగింది. "వాణ్ణి వదలొద్దు బాబాయ్. ఎంతంటే అంతకి ఒప్పేసుకోండి."

ఆయన ఫోనుని అరచేత్తో మూశాడు. "వాడికి కావాల్సింది ఆ తొందరే. నీ భయం వాడికి వినపడకూడదు." చెయ్యి తీసి, తాపీగా, "ఇచ్చేసుకో బాబూ. వాళ్ళూ బిల్లు అడుగుతారుగా" అన్నాడు.

ఆమె బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడికి రమ్మంటారు?" అన్నాడు వాడు.

బాబాయ్ ఆమె వైపు తిరిగాడు. "నలుగురూ తిరిగే చోటు చెప్పు. వాడి చోటికి మనం వెళ్ళకూడదు, మన చోటికే వాడు రావాలి."

"మార్కెట్ ముందు కాఫీ షాపు," అంది ఆమె తడుముకోకుండా. "మూల బల్ల."

సాయంత్రం ఆ మూల బల్ల ఖాళీగానే దొరికింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని ఉన్నారు. కాఫీలు మీగడ కట్టాయి. ఒకాయన చేతిలో పేపరు ఎంతకీ పేజీ తిరగడం లేదు. డబ్బులు పోసి కొన్న కాఫీ తాగకుండా చల్లార్చేవాళ్ళని చూస్తే బాబాయ్‌కి ఒళ్ళు మండుతుంది.

వాడొచ్చాడు. టోపీ తియ్యలేదు. గుడ్డసంచిలోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆన్ చెయ్," అన్నాడు బాబాయ్.

వాడు బటన్ కోసం అటూ ఇటూ తిప్పాడు. ఆమె అందుకుంది. చూడకుండానే ఆమె బొటనవేలు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళింది. కెమెరాని చంటిపిల్లలా గుండెకి ఆనించుకుంది. బాబాయ్ లోలోపల విసుక్కున్నాడు. కొనబోయే వస్తువుని అంత ముద్దుగా పట్టుకుంటే రేటు దిగుతుందా?

అయినా దించాడు. మూత లేదన్నాడు, గీత ఉందన్నాడు, లేచి వెళ్ళిపోబోయాడు. వాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మొదట చెప్పిన దాంట్లో సగానికి సగం దగ్గర బేరం తెగింది. ఇలాంటి బేరం ఆయన జన్మలో చెయ్యలేదు. సబ్బు చిత్తుగా ఓడిపోయింది.

"డబ్బు తియ్యమ్మా," అన్నాడు, ఛాతీ పొంగిపోతుంటే.

వాడు చెయ్యి చాచాడు. ఆమె సంచి తెరవలేదు.

"ఇంకొంచెం తగ్గదా బాబాయ్?"

"ఇంతకన్నా తగ్గితే ఊరికే ఇచ్చినట్టేనే తల్లీ!"

ఆమె మొదటిసారి నవ్వింది. పక్క బల్ల వైపు తిరిగింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది నా కెమెరానే."